దూరపు రాణి

కార్నివాల్ పండుగ ఇంకా మూడు వారాలుందనగా ఆన్సెల్మో నాటకశాల దుస్తుల గదికి స్వయంగా మెట్లెక్కి వచ్చాడు. ఆయన్ని గుమ్మంలో చూడగానే ఆ గది చూసుకునే ఒర్సెట్టా సూది పక్కన పెట్టి లేచింది. మామూలుగా ఆయన కింద వేదిక మీద నిలబడి కేకేస్తాడు, పైనున్న కుట్టుపని ఆడవాళ్ళు సూదులు రవికెలకు గుచ్చుకుని పరుగెత్తుకుంటూ దిగుతారు. వెనిస్‌లో నాటకాలకు తెరలు చిత్రించేవాళ్ళు వీధికి నలుగురున్నారు. కానీ నలభై అడుగుల వేదికను నాలుగు వందల అడుగుల రాజమందిరంగా చూపించగలవాడు తనొక్కడేనని ఆయన గట్టి నమ్మకం. అది అబద్ధం కూడా కాదు, అదే మా అందరి ఖర్మ.

"స్తంభాల మండపం మళ్ళీ వేస్తున్నాం," అన్నాడు ఆయాసం తీర్చుకుంటూ. "రాణి పాట పాడ్డానికి బొలోన్యా నుంచి కొత్తావిడ వస్తోంది. మనిషి కాస్త బొద్దు, గౌను నడుం దగ్గర వదులు చెయ్యి. చిన్న గౌను కూడా తీసి గాలికి ఆరెయ్యి."

"చిన్నదా అయ్యగారూ?"

"ఉంది కదా?"

"ఉంది."

"ఇంకేం మరి." ఆయన ఆమె మొహం చూడకుండా బల్ల మీది కత్తెర అటూ ఇటూ తిప్పాడు. "నీకెలా ఉంటుందో నాకు తెలియదనుకోకు. కానీ అంత వెండి జరీ గుడ్డ మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తాం? పిల్లని కూడా చూశాను. తెడ్లు చెక్కే అతని కూతురు, మెనెగినా. ఏడేళ్ళది. కొలత అచ్చు గుద్దినట్టు సరిపోతుంది."

ఒర్సెట్టా సరేనంది. ఆమె ఏడుస్తుందని భయపడి వచ్చిన ఆన్సెల్మో, అంత తేలిగ్గా సరేననేసరికి తెల్లబోయి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ మండపం కిటుకు ఊళ్ళో సగం మందికి తెలుసు, అయినా చూసిన ప్రతిసారీ నోళ్ళు తెరిచేవాళ్ళు. వేదిక ముందువైపు స్తంభం ఇరవై అడుగులుంటుంది. వెనక్కి వెళ్ళేకొద్దీ ఒక్కోటీ పొట్టిదవుతూ చిట్టచివరిది మనిషెత్తుకి వస్తుంది. ముందు కూర్చున్నవాళ్ళకి అవన్నీ ఒకే ఎత్తువి, దూరం కాబట్టి చిన్నగా కనిపిస్తున్నాయి అనిపిస్తుంది. నిజం మనిషి ఎవరైనా ఆ వెనక్కి నడిస్తే తల స్తంభం నెత్తికి తగిలి గుట్టు రట్టవుతుంది. అందుకని మూడో అంకం చివర రాణి తన రాజ్యం వదిలి వెళ్ళిపోయేటప్పుడు, పాడే ఆవిడ నాలుగో స్తంభం చాటుకి తప్పుకుంటుంది. సరిగ్గా అప్పుడే అవతల పదో స్తంభం దగ్గర అదే గౌను, అదే కిరీటం, అదే జుట్టుముడితో ఒక చిన్నపిల్ల బయటికొచ్చి, మనకు వీపు చూపిస్తూ నడిచిపోతుంది. చూసేవాళ్ళకి రాణే దూరమైపోయినట్టుంటుంది. ఆ పిల్లని మేమంతా దూరపు రాణి అనేవాళ్ళం.

దూరపు రాణికి నియమం ఒక్కటే. వెనక్కి తిరగకూడదు. తిరిగితే పసిమొహం కనిపించి జనం గొల్లుమంటారు. కాలు బెణికినా, కిరీటం జారినా, ఎవరు పిలిచినా తిరగకూడదు, నోరు విప్పకూడదు. ఆ నడక నేర్పే పని దుస్తుల గదిది, అంటే ఒర్సెట్టాది.

ఆరేళ్ళ కిందట దూరపు రాణి ఒర్సెట్టా కూతురు బెత్తా. తండ్రి ఓడతో పాటు పోయాక తల్లీ కూతుళ్ళకి నాటకశాలే ఇల్లయింది. పెద్ద గౌనుకి రెండు గజాల తోక వెనక జీరాడుతుంది కాబట్టి, చిన్నదానికీ లెక్క ప్రకారం ఒక గజం తోక పెట్టాలి. ఒర్సెట్టా వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టింది. వేదిక కింద పనివాళ్ళకి పెద్ద అయిన తోఫోలో అది చూసి, "అమ్మాయ్, నేలలో గాడులున్నాయి, ఇంత తోక ఎందుకే?" అన్నాడు. "నీ తాళ్ళ సంగతి నువ్వు చూసుకో బాబాయ్, నా గుడ్డల సంగతి నేను చూసుకుంటా," అని నవ్వేసింది.

ఆ గాడులు రెండు వేళ్ళ వెడల్పుంటాయి. స్తంభాలు గీసిన చట్టాలన్నీ ఆ గాడుల్లోంచి కిందికి దిగి, చక్రాల బండ్ల మీద నిలబడి ఉంటాయి. బండ్లన్నిటి తాళ్ళూ ఒకే పెద్ద ఇరుసుకి చుట్టి ఉంటాయి. బరువు వదిలితే ఇరుసు తిరుగుతుంది, స్తంభాలన్నీ ఒక్కసారే పక్కలకి తప్పుకుని, వాటి చోట తోట వచ్చి నిలబడుతుంది. ఇదంతా ఒక్క ఊపిరి తీసుకునేంతలో జరిగిపోతుంది.

నాటకం ఆడిన రాత్రి ఒర్సెట్టా తన చేతిపని దూరం నుంచి ఎలా కనిపిస్తుందో చూసుకుందామని పై అంతస్తుకి వెళ్ళి, గొండోలా పడవలు నడిపేవాళ్ళ మధ్య ఇరుక్కుని నిలబడింది. కింద గౌను తోక గాడిలోకి జారింది. ఇరుసు తిరిగింది. పైనుంచి చూసేవాళ్ళకి కనిపించిందల్లా ఇంతే: దూరాన రాణి నడుస్తూ నడుస్తూ ఆగింది, మెల్లగా మోకాళ్ళ మీద వంగింది, స్తంభాల మధ్యకి మాయమైంది. వెంటనే తోట వచ్చింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒర్సెట్టా కూడా కొట్టింది. ఆన్సెల్మో ఏదో కొత్త కిటుకు పెట్టాడనుకుని, పక్కనున్న గొండోలావాడి భుజం తట్టి, "ఆ గౌను కుట్టింది నేనే," అని మరీ చెప్పి కొట్టింది.

కదిలే చట్టాలు లాక్కుపోయి ప్రాణం తీస్తున్నా బెత్తా కేకెయ్యలేదు. వేసుంటే వేదిక వెనక నిలబడ్డవాళ్ళలో ఎవరో ఒకరు వినేవాళ్ళు, కింద ఇరుసుకి అడ్డుకొయ్య వేసేవాళ్ళు. వెనక్కి తిరిగి తోక లాక్కున్నా సరిపోయేది. అమ్మ వద్దని చెప్పింది కాబట్టి తిరగలేదు, నోరు విప్పలేదు.

చప్పట్లు కొట్టిన సంగతి ఒర్సెట్టా ఎవరికీ చెప్పుకోలేదు. చర్చిలో పాపాలు చెప్పుకునేటప్పుడు కూడా అది మింగేసేది. చిరిగిన గౌను ఉతికి, తోక తనే అతికి కుట్టి, పెట్టెలో అడుగున పెట్టింది.

అప్పట్నుంచీ ఆమెకి దూరపు రాణి కనిపిస్తోంది. అర్ధరాత్రి కాదు, పట్టపగలే. పొద్దున్న బట్టల బుట్టతో ముందు తలుపులోంచి వస్తుంటే, వేదిక మీద ఏ తెరలున్నా, లేకపోయినా, చిట్టచివర ఒక చిన్న వీపు. వెండి జరీ, నెత్తిన కిరీటం. వేదిక ఎక్కితే ఉండదు. దిగి దూరం నుంచి చూస్తే మళ్ళీ అక్కడే. ఎప్పుడూ తిరగదు. "బెత్తా, చాలమ్మా, ఇంక తిరుగు," అని ఒర్సెట్టా ఖాళీ నాటకశాలలో ఎన్ని పొద్దులు బతిమాలిందో లెక్కలేదు. పెట్టె తెరిచినప్పుడల్లా గౌను అంచుకి వేదిక మీది సున్నపు దుమ్ము అంటుకుని ఉండేది. దులిపి, మడత పెట్టి, మళ్ళీ మూసేది.

ఇప్పుడు తెలిసిందిగా ఆమె అంత తేలిగ్గా సరేనని ఎందుకందో. ఆ గౌను మళ్ళీ ఆ మండపంలో నడిస్తే, ఆ పాట మళ్ళీ వినబడితే, బెత్తా తిరుగుతుందని ఆమెకి ఆశ పుట్టింది. ఒక్కసారి మొహం చూస్తే చాలు. ఇంకొకరి బిడ్డ ఆ గౌనులో ఉంటుందన్న ఆలోచన రాలేదా అంటే, వచ్చింది. వచ్చినదాన్ని అవతలికి నెట్టేసింది. ఆ మాట దాచి ఆమెని వెనకేసుకు రావడం నావల్ల కాదు.

మెనెగినా మర్నాడే వచ్చింది. ముందు పళ్ళు రెండూ లేవు, నోరు మాత్రం ఊరుకోదు.

"పిన్నీ, ఈ జరీ గుచ్చుకుంటోంది. రాణులకి దురద పెట్టదా?"

"పెడుతుంది. గోక్కోరు."

"ముక్కు కారితే?"

"కారనిస్తారు."

"అయితే రాణికన్నా మా ఇంటి పిల్లి నయం."

ఒర్సెట్టాకి నవ్వొచ్చింది. ఆరేళ్ళలో ఆ గదిలో ఆమె నవ్వడం మిగతా ఆడవాళ్ళు వినలేదు, సూదులు ఆపి చూశారు. ఆ నవ్వుకి ఆమెకే తన మీద అసహ్యం వేసింది.

నడక నేర్పడం మొదలుపెట్టింది. పిల్లని వేదిక చివర నిలబెట్టి, తను ముందు బెంచీల్లో నిలబడి పిలిచేది. "మెనెగినా! మీ అమ్మ వచ్చిందే!" పిల్ల తిరిగింది. "తిరిగావు. మళ్ళీ మొదటి నుంచి." రెండోసారి, "వేడి వేడి తీపి ఉండలు తెచ్చానే!" అంది. మళ్ళీ తిరిగింది. "పో, రాణివి కాదు, తిండిపోతువి." మూడో రోజు, "మెనెగినా, మీ ఇల్లు తగలబడుతోంది!" అని అరిచింది. చిన్న వీపు ఒక్కసారి ఉలిక్కిపడింది కానీ తిరగలేదు. నాలుగో రోజుకి ఏం చెప్పినా తిరగడం మానేసింది. నాలుగు ఉండలు బహుమానం ఇస్తే పంచదార మూతికంతా పూసుకుంటూ తింది.

"నిజంగా ఏదైనా అయితేనో పిన్నీ? అప్పుడు కూడా తిరగకూడదా?"

"ఏమీ కాదు."

"అయితేనో?"

"నేను పిలిచినా తిరక్కు," అంది ఒర్సెట్టా. ఆ మాట ఆమె నోటికి అలవాటు, ఆలోచించేలోపే వచ్చేసింది.

నాలుగో రోజు సాధనలో ఆమెకి ఇద్దరు కనిపించారు. మెనెగినా నడుస్తోంది, దానికి నాలుగడుగుల ముందు ఇంకో వెండి వీపు. ఆ రెండోది తల కొంచెం, చాలా కొంచెం, పక్కకి వంచినట్టనిపించింది. ఒర్సెట్టా బెంచీ గట్టిగా పట్టుకుంది. భయం వెయ్యలేదు, సంతోషం వేసింది.

ఆ సాయంత్రం తోఫోలో వచ్చాడు. ఓడల మీద పెరిగిన మనిషి, ఇప్పుడు బాగా కుంగిపోయాడు, నోరు తెరిస్తే సారా వాసన.

"తోక కత్తిరించవే అమ్మాయ్."

"అయ్యగారు ఒప్పుకోరు బాబాయ్. ముందు వరస పెద్దలకి కొలత తేడా తెలిసిపోతుందట."

"ఆయన్నెవడు అడిగాడు? నిన్నడుగుతున్నా. ఆరోజు ఇరుసు ఒక చోట బరువెక్కింది. నా చేతులకి తెలిసింది. తాడు ముడిపడిందనుకుని ఇంకా గట్టిగా లాగమన్నా మావాళ్ళని." తన చేతులు ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. "రోజూ ఆ బరువు తగుల్తుందే ఇప్పటికీ. నీ కాళ్ళు పట్టుకుంటా, కత్తిరించు."

ఒర్సెట్టా కళ్ళు దించుకుంది. తోక కత్తిరిస్తే అది బెత్తా గౌను కాకుండా పోతుంది, బెత్తా రాదు. ఆ సంగతి ఆయనకెలా చెప్తుంది?

"చూద్దాంలే బాబాయ్," అంది. ఆయన వెళ్ళిపోయాడు.

మండపంతో తోటతో పూర్తి సాధన బుధవారం పొద్దున్న పెట్టారు. ఆన్సెల్మో ముందు బెంచీలో కూర్చున్నాడు, వాయిద్యాలవాళ్ళు గొణుక్కుంటూ చోట్లలో సర్దుకున్నారు. ఒర్సెట్టా పై అంతస్తుకి వెళ్ళి, ఆ రాత్రి నిలబడ్డ చోటే నిలబడింది. కింది నుంచి కన్నా అక్కణ్ణుంచైతే బాగా కనిపిస్తుందని ఆమె ఆశ.

బొలోన్యా ఆవిడ పాట ముగించి నాలుగో స్తంభం చాటుకి తప్పుకుంది. పదో స్తంభం దగ్గర మెనెగినా బయటికొచ్చింది. దాని ముందు, నాలుగడుగుల అవతల, రెండో వీపు. ఇద్దరూ నడుస్తున్నారు. ఒర్సెట్టా కన్నార్పకుండా ముందున్నదాన్నే చూస్తోంది. దాని తల మెల్లగా కదిలింది. కిరీటం మీద దీపం వెలుగు జారింది. చెంప అంచు కనిపించింది. తిరుగుతోంది, ఆరేళ్ళకి తిరుగుతోంది.

వేదిక కింద తోఫోలో పొడుగ్గా ఈల వేశాడు. అంటే తాళ్ళు పట్టుకోండని. ఆ తర్వాత పొట్టి ఈల పడితే బరువు వదిలేస్తారు. కింద చీకట్లో తాళ్ళు లాగే ఆ పాత ఓడ సరంగులు పాటనీ వినరు, మాటనీ వినరు, ఈల ఒక్కటే వింటారు.

మెనెగినా వెనక వెండి అంచు ఒక జానెడు తగ్గింది. ఒర్సెట్టా కంటి కొసకి అది తగిలింది. కుట్టేవాళ్ళ కన్ను, గుడ్డ పొడవు తగ్గితే దానికి తెలిసిపోతుంది. తోక గాడిలోకి జారింది.

"మెనెగినా! తిరుగు! తోక లాగు!"

ఎవరా అరిచిందని ఆన్సెల్మో తలెత్తాడు. వాయిద్యాలు మోగుతూనే ఉన్నాయి. అంత దూరంలో చిన్న భుజాలు బిగుసుకున్నాయి. పిల్ల విన్నది. విని, తిరగలేదు. గట్టిగా ముందుకు అడుగెయ్యబోయి, వెయ్యలేక ఆగిపోయింది.

"నేనే పిలుస్తున్నానే! తిరగవే తల్లీ!"

తిరగలేదు. ఒర్సెట్టా బాగా నేర్పింది.

ఆ నాటకశాలలో తోఫోలో తప్ప ఎవరూ ఈల వెయ్యకూడదు. పొరపాటున వేసినవాణ్ణి, ఎంత గొప్ప గాయకుడైనా, సరంగులు మెడపట్టి కాలువ గట్టు దాకా గెంటుకొచ్చేవాళ్ళు. ఒర్సెట్టా రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుంది. ఒక్క లిప్తపాటు తటపటాయించింది, అది నిజం. ముందున్న బెత్తా ఇంకొంచెం తిరిగితే మొహం కనిపిస్తుంది. తర్వాత కళ్ళు గట్టిగా మూసుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి మూడు పొట్టి ఈలలు వేసింది. మూడంటే ఆపమని.

కింద అడ్డుకొయ్య పడిన చప్పుడుకి నేలంతా అదిరింది. మొదటి ఈలకే బరువు వదిలేసినట్టున్నారు, స్తంభాలు ఒక్క వేలెడు కదిలి నిలిచిపోయాయి. ఒర్సెట్టా కళ్ళు తెరిచేసరికి మండపంలో ఒక్క వీపే ఉంది.

ఆమె మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. వేదిక ఎక్కి స్తంభాల మధ్య నడిచింది. అడుగడుక్కీ స్తంభాలు పొట్టివవుతుంటే ఆమె రాక్షసిలా పెరిగిపోతూ కనిపించింది. కొత్తగా చేరిన వయొలిన్ కుర్రాడొకడు కిసుక్కున నవ్వాడు. ఆన్సెల్మో మాత్రం నవ్వలేదు, లేచి నిలబడ్డాడు.

పిల్ల ఇంకా వీపు తిప్పే నిలబడి ఉంది. వెనక తోక బిగుసుకుని గాడిలోకి లాగి ఉంది. ఒర్సెట్టా దగ్గరికెళ్ళి పేరు పెట్టి పిలిచింది. అప్పుడు కూడా తిరగలేదు. ఇంక తనే చుట్టూ తిరిగి ముందుకెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని మొహం చూసింది. కళ్ళ నిండా నీళ్ళు, ముక్కు కారుతోంది, కింది పెదవి పంటి కింద పెట్టి కొరికేసుకుంది. ఒర్సెట్టాని చూడగానే పెదవి వదిలి, గుసగుసగా అంది:

"తిరగలేదు పిన్నీ. చూశావా? నువ్వు పిలిచినా తిరగలేదు. బాగా చేశానా?"

ఆరేళ్ళుగా చూడాలని తపించిన మొహం ఎలా ఉండి ఉంటుందో ఒర్సెట్టాకి అప్పుడు తెలిసింది. కోపం కాదు, అమ్మ రాలేదన్న నిష్ఠూరం కూడా కాదు. బెత్తా కూడా మెచ్చుకుంటారనే ఎదురుచూసింది. పైనుంచి అమ్మ మెచ్చుకుంది కూడా.

"లేదమ్మా," అంది ఒర్సెట్టా. పిల్ల ముక్కు చేత్తో తుడిచింది. "బాగా చెయ్యలేదు. నేను తప్పు నేర్పానే తల్లీ, నాది తప్పు. కేకెయ్యి."

"రాణులు కేకెయ్యరన్నావుగా?"

"వేస్తారు. ఏదైనా పట్టుకుంటే ఊరు ఊరంతా వినబడేలా వేస్తారు. వెయ్యి. నా కోసం వెయ్యి."

మెనెగినా అనుమానంగా చూసింది. తర్వాత నోరు పెద్దగా తెరిచి, అంతసేపూ అదిమిపెట్టుకున్న భయమంతా బయటికొచ్చేలా కెవ్వున అరిచింది. ఆ అరుపు నాటకశాల పైకప్పు దాకా వెళ్ళింది. అది ఆగిన వెంటనే ఇంకొకటి వచ్చింది. ఇంకా వెనక నుంచి, చివరి స్తంభం అవతల, గోడకి ఆనించిన గుడ్డ తప్ప ఏమీ లేని చోటు నుంచి. ఇంకా చిన్న గొంతు. అది చాలాసేపు ఆగలేదు.

వాయిద్యాలవాళ్ళు శిలువ గుర్తు వేసుకున్నారు. నేలలో తలుపు తెరుచుకుని తోఫోలో తల బయటికొచ్చింది, మొహం పాలిపోయి ఉంది.

"రెండో పిల్లకేమైంది?" అన్నాడు. "రెండో పిల్ల ఎక్కడ? దెబ్బ తగిలిందా?"

"రెండో పిల్ల ఎవరయ్యా, ఉన్నదొక్కతే," అన్నాడు ఆన్సెల్మో. కానీ ఆయన కూడా చివరి స్తంభం వైపే చూస్తున్నాడు.

ఒర్సెట్టా మెనెగినాని గుండెకి హత్తుకుని, ఆ బల్లల మీదే కూలబడి, ఆరేళ్ళలో మొదటిసారి నలుగురూ వినేలా భోరుమంది.

"కేకేసింది బాబాయ్," అంది. "ఇప్పుడు కేకేసింది."